లాల్‌బాగ్ గేటు దాటిన మొక్క

1836లో బెంగళూరులో తోటల మీద మోజున్న కొందరు తెల్లదొరలు ఒక వ్యవసాయ ఉద్యాన సంఘం పెట్టుకున్నారు. లాల్‌బాగ్ వాళ్ల చేతికొచ్చింది. హైదర్ అలీ వేయించిన తోట, టిప్పు దేశదేశాల మొక్కలు తెప్పించి పెంచిన తోట. నీళ్లున్నాయి, చల్లటి ఊరు, మంచి నేల. తోటల సంఘానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా 1842 కల్లా ఆ సంఘం లేదు. గట్టిగా ఆరేళ్లు నడిచిందంతే.

మరో డెబ్బై ఏళ్లకు, 1912లో, అదే తోటను ఆసరా చేసుకుని మైసూరు ఉద్యాన సంఘం మొదలైంది. అది ఇప్పటికీ ఉంది. ఏటా రెండుసార్లు, గణతంత్ర దినోత్సవానికీ స్వాతంత్ర్య దినోత్సవానికీ, ఉద్యాన శాఖతో కలిసి పుష్ప ప్రదర్శన పెడుతుంది. 2025 జనవరిలో జరిగింది 217వది.

మన కాలనీ తోటల సంఘం రజతోత్సవ సంచికలో మన కథ రాయడానికి వేరేవాళ్లున్నారు. మినిట్స్ పుస్తకాలూ పాత ఫోటోలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. నాకు అప్పజెప్పింది పెద్దింటి కథ. ఒకే తోటలో పుట్టిన రెండు సంఘాల్లో ఒకటి ఆరేళ్లకే ఎందుకు పోయింది, రెండోది నూరేళ్లు దాటి ఎలా నిలబడింది అన్నది చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. పాత కాగితాల్లో దీనికి సూటి జవాబు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. జరిగినదంతా వరుసగా చూస్తే మాత్రం నాకు ఒక సంగతి తోస్తుంది. మొక్క గేటు దాటి మామూలు మనిషి ఇంటికి చేరిన ప్రతిసారీ ఈ తోట బలపడింది.

మొదట్నుంచీ చెబుతాను. లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ శ్రీకారం చుట్టాడు. అప్పుడది నలభై ఎకరాలు. సిరాలోని మొఘలాయీ తోటను చూసి ముచ్చటపడి వేయించాడంటారు. టిప్పు పోయిన మరుసటి ఏడు, 1800లో, ఫ్రాన్సిస్ బుకానన్ ఇక్కడికొచ్చి చూసినప్పుడు తోటంతా చదరపు మడులుగా ఉంది. మడుల మధ్య నడక దారులు, దారుల పక్కన సైప్రస్ చెట్లు. ఒక్కో మడిలో ఒక్కో జాతి మొక్క. అంతా పద్ధతిగా ఉన్న రాజుగారి తోట. 

ఇక్కడ మన గోదావరి వాళ్లు కాస్త మీసం మెలేసుకోవచ్చు. కంపెనీవాళ్ల చేతికి చిక్కిన లాల్‌బాగ్‌ను చూసుకోవడానికి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హేన్ అంతకుముందు పనిచేసింది సామర్లకోటలో. అక్కడ విలియం రాక్స్‌బర్గ్ 1780లలో కంపెనీ కోసం పెద్ద తోట నడిపాడు. మిరియాల తీగలు పాకించాడు, నీలిమందు మొక్కలు పెంచాడు, చుట్టుపక్కల మొక్కలన్నిటికీ మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలు కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంగా లండన్‌లో అచ్చయ్యాయి. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్లిపోతే సామర్లకోట తోట హేన్ చూసుకున్నాడు. ఆ అనుభవంతోనే బెంగళూరు వచ్చాడు. సామర్లకోట తోట తర్వాత కాలంలో ఆనవాలు లేకుండా పోయింది. లాల్‌బాగ్ మిగిలింది. కంపెనీ లెక్కలో రెండూ ఒక్కటే, డబ్బు తెచ్చే మొక్క ఏదో కనిపెట్టే చోటు.

ఇక ఆ 1836 నాటి సంఘం. దానికి దన్నుగా నిలిచిన విలియం మన్రో 39వ రెజిమెంటులో చిన్న అధికారి. పుట్టింది 1818లో, అంటే అప్పటికి ఇరవై కూడా నిండలేదు. 1837లో బెంగళూరులో పెరిగే మొక్కల జాబితాను ‘హోర్టస్ బెంగళూరెన్సిస్’ అని పుస్తకంగా అచ్చువేశాడు. ఆ వయసులో ఆ పని చేయడం మామూలు విషయం కాదు. తర్వాత యుద్ధాలకు వెళ్లాడు, క్రిమియా దాకా వెళ్లాడు, జనరల్ అయ్యాడు, గడ్డిజాతుల మీద పెద్ద పండితుడిగా పేరు తెచ్చుకున్నాడు. కానీ బెంగళూరు సంఘం? కంటోన్మెంటు మనుషులతో కట్టిన సంఘం కంటోన్మెంటు మనుషుల్లాగే బదిలీలకు లోబడి ఉంటుంది. రెజిమెంటు కదిలితే కార్యదర్శి కదులుతాడు. ఊళ్లో పాతుకున్న మనిషి ఒక్కడైనా ఉన్నాడా సభ్యుల్లో అని నాకు అనుమానం. ఇది నా ఊహే. మన సంఘంలో కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బదిలీలతో రెండు కమిటీలు చెదిరిపోవడం చూసినవాడిని కాబట్టి అలా అనిపిస్తుంది.

ఆ మధ్యకాలంలో తోటను నిజంగా కాపాడిన చేతులు వేరే ఉన్నాయి. బెంగళూరు తిగళులవి. చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఎత్తుకుని రాత్రంతా ఊరు తిరిగేది వాళ్లే. కూరగాయలు, పూలు, పండ్ల తోటలు వాళ్ల కులవృత్తి. లాల్‌బాగ్ చుట్టూ ఉన్న తోటలు, సిద్ధాపురలో ఇప్పటికీ ఉన్న నర్సరీలు ఆ సంప్రదాయంలోంచి వచ్చినవే. దొరల పేర్లు రికార్డుల్లోకెక్కాయి, పాదులు తీసినవాళ్ల పేర్లు ఎక్కలేదు. సంఘాల చరిత్ర రాసేటప్పుడు ఈ లోటు ఎప్పుడూ ఉంటుంది. మన సంచికలోనైనా మన మాలీల పేర్లు వేయమని సంపాదకులకు మనవి.

1856లో లాల్‌బాగ్ ప్రభుత్వ తోటగా కొత్తగా మొదలైంది. మద్రాసు అటవీ సంరక్షకుడు హ్యూ క్లెగ్‌హార్న్ దీన్ని వ్యాపారానికి దించొద్దని, దేశీయ మొక్కలకు చోటివ్వాలని సలహా ఇచ్చాడు. 1858లో ఇంగ్లండులోని క్యూ తోట నుంచి విలియం న్యూ వచ్చాడు, 1873లో ఆయన పోయాక జాన్ కామెరాన్ వచ్చాడు. కామెరాన్ 1874 నుంచి 1908 దాకా ముప్ఫై నాలుగేళ్లు ఉన్నాడు. తోటను కొండరాయితో సహా కలుపుకుంటూ 188 ఎకరాలు చేశాడు. ఇప్పుడది 240 ఎకరాలు. 1889 నవంబర్ 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ చేత గ్లాస్ హౌస్‌కు శంకుస్థాపన చేయించాడు. ఇనుమంతా గ్లాస్గో నుంచి, మెక్‌ఫర్లేన్ కంపెనీ పోతపని. ఓడల మీద ముక్కలుగా వచ్చి ఇక్కడ బిగించుకుంది. 1935లో దాన్ని పెంచినప్పుడు వాడింది మన భద్రావతి ఇనుము. రెండు కాలాల ఇనుమూ పక్కపక్కనే నిలబడి ఉంది.

గ్లాస్ హౌస్ గురించి అందరూ రాస్తారు. నా దృష్టిలో కామెరాన్ చేసిన గొప్ప పని అది కాదు. ఆయన ఇక్కడికి తెచ్చి వ్యాప్తిలో పెట్టిన తీగ ఒకటుంది. కన్నడంలో సీమె బదనెకాయి, మన ఇళ్లలో బెంగళూరు వంకాయ. మెక్సికో వైపు పుట్టిన కాయ. దీన్ని నాటే తీరు చూడండి. గింజ తీసి ఎండబెట్టే పనిలేదు. కాయ మొత్తంలో గింజ ఒక్కటే, అదీ లోపలే మొలకెత్తుతుంది. వంటింట్లో మూల వారం పదిరోజులు మరిచిపోయిన కాయ కొన చీలి, ఆకుపచ్చ నాలుక బయటపెడుతుంది. దాన్ని అలాగే సగం మట్టిలో, మొలక వైపు కాస్త వాల్చి పెడితే చాలు. పందిరి ఉంటే పందిరి, పక్కింటి కాంపౌండు గోడ ఉంటే గోడ, ఎక్కేస్తుంది. కాపు మొదలైతే ఒక ఇంటికి తినలేనన్ని. అప్పుడు పక్కింటికి పంచక తప్పదు. అలా పంచిన కాయల్లో ఒకటి అక్కడా మొలకెత్తుతుంది. నర్సరీతో, కొనుగోలుతో, సంఘంతో పనిలేకుండా ఇల్లిల్లూ తిరిగింది ఈ తీగ. కూటు, పప్పు, పచ్చడి, పెరుగుపచ్చడి, ఏదో ఒక రూపంలో ఈ ఊళ్లో ప్రతి తెలుగింటి కంచంలోకీ వచ్చింది. పెళ్లి భోజనాల్లో దీన్ని చూసి మొహం చిట్లించేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. అది వేరే సంగతి.

1908లో వచ్చిన గుస్తావ్ కృంబిగల్ జర్మన్. డ్రెస్డెన్ దగ్గరివాడు, క్యూలో పనిచేసి, బరోడా మహారాజు తోటలు చూసుకుని, మైసూరు కొలువుకొచ్చాడు. ఆయన హయాంలోనే 1912లో ఉద్యాన సంఘం వెలిసింది. బెంగళూరు వీధుల్లో ఒక జాతి పూలు రాలేసరికి ఇంకో జాతి పూసేటట్టు చెట్లు నాటించాలన్న ఆలోచన ఆయనదే. వేసవిలో జకరండా ఊదారంగు పూసి రాలేసరికి తురాయి ఎర్రగా ఎత్తుకుంటుంది, ఏడాదిలో ఏ నెలలో చూసినా ఏదో ఒక వీధి పూలతో ఉంటుంది. కృష్ణరాజసాగరం కింది బృందావనం తోటల రూపకల్పనలోనూ ఆయన చేయి ఉంది. ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు శత్రుదేశస్థుడని బ్రిటిషువాళ్లు నిర్బంధంలో పెట్టారు. అయినా ఈ ఊరు వదల్లేదు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు, సమాధి హోసూరు రోడ్డు శ్మశానంలో ఉంది. లాల్‌బాగ్ పక్కన ఆయన పేర ఒక రోడ్డుంది. ఆయన తర్వాత 1932లో హెచ్.సి. జవరాయ, 1951లో ఎం.హెచ్. మరిగౌడ ఆ కుర్చీలోకి వచ్చారు.

సంఘం పని గురించి చెప్పమంటే చాలామంది గ్లాస్ హౌస్‌లో పూలతో కట్టిన విధానసౌధ గురించి చెబుతారు. 2023 ఆగస్టులో ఇతివృత్తం విధానసౌధ, దాన్ని కట్టించిన కెంగల్ హనుమంతయ్య. 2022లో రాజ్‌కుమార్, పునీత్. 2024 జనవరిలో బసవన్న, ఆగస్టులో అంబేద్కర్. 2025 జనవరిలో వాల్మీకి. జనం లక్షల్లో వస్తారు. ఈ భారీ బొమ్మలకు కింద ఇనుప చట్రం, దాని మీద నీళ్లలో నానబెట్టిన పచ్చటి స్పాంజి ఇటుకలు, వాటిలో గుచ్చిన గులాబీలు, చామంతులు. ప్రదర్శన పదీ పన్నెండు రోజులు నడుస్తుంది కాబట్టి మధ్యలో వాడిన పూలు తీసేసి కొత్తవి గుచ్చుతారు. ఆ స్పాంజి మట్టిలో కలవదు. తోటల పండుగలో మట్టిలో కలవని సరుకు ఇంత వాడటం నాకు రుచించదు. చెప్పాల్సినచోట చెప్పాను కూడా.

సంఘం అసలు పని ఆ జనసందోహానికి కొన్ని వారాల ముందే, ఎవరికీ కనిపించకుండా జరిగిపోతుంది. ఇంటి తోటల పోటీ. చిన్న ఇంటి తోట, పెద్ద ఇంటి తోట, మిద్దె తోట, కూరగాయల తోట, కార్యాలయాల, కర్మాగారాల తోటలు, ఇలా వేరువేరు వర్గాలు. న్యాయనిర్ణేతలు ఇంటికే వచ్చి చూస్తారు. ప్రదర్శన రోజుల్లో కుండీ మొక్కల పోటీలు, ఇకెబానా, బోన్సాయ్, కూరగాయల మీద చెక్కడాలు, కొబ్బరాకుతో అల్లే జానూర్, మన పద్ధతి పూల అలంకరణకు పుష్పభారతి ఉంటాయి.

పోటీలో పాల్గొనే మనిషి ఇల్లు డిసెంబరులో ఎలా ఉంటుందో మన కాలనీలోనే చూశాను. కుండీలకు జేగురు పూస్తారు, అంచులు తుడుస్తారు. చామంతి మొక్క కొనలు ఆగస్టు దాకా తుంచుతూ వస్తే కొమ్మలు గుబురు కట్టి, పొద్దు తగ్గేకొద్దీ మొగ్గ పడుతుంది. చామంతికి రాత్రి చీకటి ఉండాలి. అందుకని వీధి దీపం వెలుగు పడే వైపు కుండీలను దసరాలకే ఇంటి వెనక్కి జరుపుతారు, లేకపోతే ఆకు ఏపుగా ఉంటుంది కానీ జనవరికి పువ్వు రాదు. ఆ గుట్టు తెలియని మొదటి ఏడు పచ్చటి పొదలు పట్టుకుని ఏడుపు మొహాలేసుకున్నవాళ్లు మన సభ్యుల్లో కొందరున్నారు, పేర్లు చెప్పను. ఆగస్టు ప్రదర్శనకు లెక్క వేరు. చామంతి పనికిరాదు. కోడిజుట్టు పువ్వు, జినియా, కాశీతుమ్మ, డాలియా వేసవి చివర్లో విత్తి, ముసురు పట్టినప్పుడు కుండీల అడుగున నీళ్లు నిలవకుండా చూసుకోవాలి. ఈ చదువు ఏ బడిలోనూ చెప్పరు. పక్కింటి ఆంటీ చెబుతుంది, లేదంటే న్యాయనిర్ణేత వెళ్తూ వెళ్తూ ఒక మాట అని వెళ్తాడు. నూరేళ్లకు పైగా ఇళ్ల మధ్య ఇలా ఆ మాట నడుస్తోంది. ఆ 1836 నాటి సంఘానికి లేనిది ఇదే అని నా నమ్మకం.

మరిగౌడగారి దగ్గర కాస్త ఆగాలి. హార్వర్డులో డాక్టరేటు చేసొచ్చి, లాల్‌బాగ్ చూసుకుని, 1963లో ఉద్యానానికి ప్రత్యేక శాఖ ఏర్పడ్డాక దాని డైరెక్టరై 1974 దాకా ఉన్నారు. రాష్ట్రమంతా తోటల క్షేత్రాలు, నర్సరీలు వందల్లో పెట్టించి, మేలు రకం అంటుమొక్క రైతుకు దగ్గర్లోనే దొరికేట్టు చేశారు. అందమైన తోట పెంచే అధికారి ఎక్కడైనా దొరుకుతాడు, ఈయన చూపు సంత మీద పడింది. 1959లో బెంగళూరు చుట్టుపక్కల ద్రాక్ష రైతుల సహకార సంఘం ఆయన చొరవతోనే మొదలైంది. ద్రాక్ష కోస్తే ఎక్కువ రోజులు ఆగదు. దళారి ఆ సంగతి తెలిసే బేరమాడతాడు. ఆ బేరంలో రైతు వైపు ఒక మనిషి ఉండాలన్నది ఆలోచన. ఆ సంఘమే పెరిగి పెద్దదై హాప్‌కామ్స్ అయింది. వీధి మూలల్లో ఆకుపచ్చ బోర్డుతో, త్రాసు పెట్టుకుని కూర్చున్న ఆ చిన్న కొట్లలో కూరగాయలు కొనని బెంగళూరు తెలుగువాళ్లు తక్కువ. ఆ గంపల వెనక ఉన్న చిక్కబళ్లాపురం, కోలారు రైతుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లూ తక్కువేం కాదు. వేసవిలో లాల్‌బాగ్ మామిడి మేళాకు శ్రీనివాసపుర కాయ దిగితే, బేరం కన్నడంలో మొదలై తెలుగులో తేలడం మామూలే. ఇప్పుడు సూపర్‌మార్కెట్లు, ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మానికొచ్చే కూరలు వచ్చి ఆ కొట్లు వెలవెలబోతున్నాయి. నేనూ అప్పుడప్పుడూ ఫోనే నొక్కుతాను.

ఇళ్లు మిద్దెలై, మిద్దెలు అపార్టుమెంట్లయ్యాక మట్టి కనిపించడమే అపురూపమైంది. అప్పుడు వచ్చిన పెద్ద మార్పు మేడమీద తోట. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుల శాస్త్రం చదివి చెప్పిన డాక్టర్ బి.ఎన్. విశ్వనాథ్ బెంగళూరు మేడల మీద మందులు లేని కూరగాయల సాగు నేర్పిస్తూ వచ్చారు. 2011 నుంచి ఆయన మిత్రబృందం ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’ అనే సంత నడిపింది. విత్తనాలు, నారు ఇచ్చిపుచ్చుకోవడం, ఎరువు తయారీ చూపించడం దాని పని. మన సభ్యులు చాలామంది మొదటిసారి ఒకరినొకరు పలకరించుకున్నది అలాంటి సంతలోనే.

మరుసటి ఏడే, 2012లో, ఊరంతా చెత్త కుప్పలు పేరుకున్నాయి. మా ఊళ్లను మీ కుప్పతొట్టి చేయొద్దని మావళ్లిపుర, మండూరు గ్రామాలవాళ్లు ఎదురుతిరిగారు. న్యాయం వాళ్ల వైపే ఉంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలన్న నిబంధన అప్పుడే వచ్చింది. మేడమీద తోట ఉన్న ఇళ్లకు అది పెద్ద ఇబ్బంది కాలేదు. కూరగాయల తొక్కలు, వాడిన పూలు, కాఫీ పిప్పి, వాటి మీద ఎండుటాకుల పొర, మళ్లీ తొక్కలు, మళ్లీ ఆకులు. తడి ఎక్కువైతే పురుగు పడుతుంది, ఎండుటాకు ఎక్కువైతే కదలదు. రెండూ సరిపడితే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు. కిందింటివాళ్లు వాసనొస్తోందని గొడవపెట్టుకోవడం, మనవాళ్లు మూత తీసి చూపించి వాసన లేదని నిరూపించుకోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ గొడవపడిన వాళ్లలో ఒకావిడ తర్వాత మన కమిటీలో కోశాధికారి అయ్యారు.

నర్సరీల వైపు కూడా ఒక మాట. సిద్ధాపురలోనైనా, ఊరి బయట హైవే పక్క నర్సరీల్లోనైనా అడిగి చూడండి, మొక్కల్లో కొన్ని గోదావరి వైపు కడియం నుంచి లారీల్లో వచ్చినవే ఉంటాయి. సామర్లకోట నుంచి హేన్ దొర వచ్చిన దారి ఇన్నేళ్లకూ మూసుకోలేదు. ఇంకో ముఖ్యమైన విషయం, లాల్‌బాగ్‌లో రైతు బిడ్డలకు పది నెలల తోటమాలి శిక్షణ ఉంది. మన అపార్టుమెంట్లలో మాలీ కావాలని వాట్సాప్‌లో తెగ అడుగుతుంటారు. అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్లకు ముందు పిలుపు వెళ్లేట్టు సంఘం ఏర్పాటు చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. జీతం మాత్రం శిక్షణ పొందినవాడికిచ్చే జీతంలా ఉండాలి. ఇప్పుడిస్తున్నదాంతో ఎవరూ రారు.

పోయినసారి ప్రదర్శనకు వెళ్లినప్పుడు గ్లాస్ హౌస్ ముందు వరుస గేటు దాకా ఉంది, అందరి చేతుల్లో ఫోన్లు. బహుమతి కుండీలు పెట్టిన చోట మాత్రం పది పన్నెండు మందే ఉన్నారు, అందులో సగం ఆ కుండీల యజమానులే. ఒక పెద్దాయన తన చామంతి ముందు నిలబడి వచ్చినవాళ్లందరికీ కొనలు ఎప్పుడెప్పుడు తుంచాలో చెబుతున్నారు, ఎవరూ అడగకుండానే. మన కాలనీ నుంచి ఈసారి మిద్దె తోట వర్గంలో ముగ్గురు, కుండీల వర్గంలో ఇంకొందరు పేర్లిస్తామన్నారు. దరఖాస్తు ఫారాలు లాల్‌బాగ్‌లోనే దొరుకుతాయి, ప్రకటన రాగానే కార్యదర్శిగారు నోటీసు బోర్డు మీద పెడతారు. వీధి దీపం కింద ఉన్న కుండీలు మాత్రం నోటీసు కోసం ఆగకుండా ఇప్పుడే జరపండి.